జనవరి ఆరు, పల్లె గుడి, కుల సర్టిఫికెట్టు

మన పండగల చరిత్ర: 9వ భాగం

పోయిన భాగం చదివాక హాస్టల్ పిల్లలు కొందరు, "అన్నా, డిసెంబర్ వచ్చేసింది, క్రిస్మస్ గురించి రాయవా" అని అడిగారు. రాస్తాను. అయితే కేకు దగ్గర కాదు, కోర్టు దగ్గర మొదలుపెడతాను.

2024 నవంబర్ 26న, సరిగ్గా రాజ్యాంగ దినోత్సవం రోజున, సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పుదుచ్చేరికి చెందిన ఒక యువతి, వల్లువన్ కులం, గుమాస్తా ఉద్యోగానికి ఎస్సీ కోటాలో దరఖాస్తు పెట్టుకుంది. నేను హిందువునే, నాకు ఎస్సీ సర్టిఫికెట్టు ఇవ్వండి అంది. కోర్టు కాగితాలు తీసింది. 1991 జనవరి 6న, పసిబిడ్డగా ఉన్నప్పుడు, ఆమెకి అక్కడి లూర్దుమాత గుడిలో జ్ఞానస్నానం ఇచ్చారు. అమ్మానాన్నల పెళ్లి క్రైస్తవ వివాహ చట్టం కింద నమోదయింది. గుడికి క్రమం తప్పకుండా పోతుంది. ఇన్ని ఉండగా ఉద్యోగం కోసం హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసం చేయడమే అని తేల్చేసింది.

జనవరి ఆరు ఏం రోజో క్యాథలిక్ ఇళ్లలో పెరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ముగ్గురు రాజుల పండగ. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని పట్టుకుని బాలయేసును వెతుక్కుంటూ వచ్చిన రోజు. ఆ ఏడాది అది ఆదివారం కూడా. అంటే ఆ అమ్మాయి తల్లిదండ్రులు క్రిస్మస్ కాలంలోనే బిడ్డని గుడికి ఎత్తుకెళ్లారు. మన పల్లెల్లో కూడా అంతే. ఆ రోజుల్లో ఫాదర్‌గారు అందుబాటులో ఉంటారు, చుట్టాలు ఊళ్లోనే ఉంటారు, పిల్లలకి కొత్తబట్టలు ఎలాగూ కుట్టించి ఉంటాయి. ఒకే ఖర్చు, రెండు పనులు. పేదవాళ్ల లెక్క అది.

ఆ లెక్కే ముప్పై మూడేళ్ల తర్వాత రుజువైంది. క్రిస్మస్ చేసుకున్నారు కాబట్టి మీకు కులం లేదు అని. నేను ఈ భాగంలో చెప్పదలచుకున్నది ఒకటే. ఒక దళిత క్యాథలిక్ కుటుంబం క్రిస్మస్ నెలను ఎలా గడుపుతుందో దగ్గర నుంచి చూస్తే, కులం పోలేదనడానికి అంతకన్నా మంచి రుజువు దొరకదు. కోర్టు చూసిన రిజిస్టరునే నేనూ చూస్తున్నాను. నాకు అందులో వేరే సంగతులు కనబడుతున్నాయి.

ఆ పుదుచ్చేరిలోనే, ఆ తీర్పుకి సరిగ్గా 320 ఏళ్ల కింద, 1704లో, మన గురించే ఇంకో ఉత్తర్వు వచ్చింది. పోపు పంపిన రాయబారి షార్ల్ ద టూర్నాన్ ఇచ్చాడు. అప్పటి జెస్యూట్ ఫాదర్లు పైకులాల వాళ్లని గుడిలోకి తేవడానికి సన్యాసుల్లాగా కాషాయం కట్టారు, మాంసం మానేశారు, అంటరానివాళ్ల గుడిసెల్లోకి అడుగు పెట్టడమూ మానేశారు. చావుబతుకుల్లో ఉన్న పరయ కులస్తుడికి చివరి సంస్కారాలు ఇవ్వాలన్నా ఇంట్లోకి వెళ్లేవాళ్లు కాదు. టూర్నాన్ అది కుదరదన్నాడు. రోగి ఏ కులమైనా ఇంటికి వెళ్లి తీరాలన్నాడు. జెస్యూట్లు ఒప్పుకోలేదు. ఈ గొడవ ఒక ఏడాదో రెండేళ్లో కాదు, నలభై ఏళ్లు నడిచింది. అంటరానివాడి గుమ్మం తొక్కొచ్చా లేదా అని రోమ్‌లో పెద్దపెద్ద పండితులు నలభై ఏళ్లు రాతకోతలు సాగించారు. 1744లో బెనెడిక్ట్ 14వ పోపు ఆఖరి మాట చెప్పాడు. గుమ్మం తొక్కాల్సిందే అన్నాడు. అయితే ఒక వెసులుబాటు కూడా ఇచ్చాడు. పరయల కోసం విడిగా కొందరు ఫాదర్లను పెడతామని జెస్యూట్లు అంటే సరేనన్నాడు. పైకులాల ఫాదరు వేరు, పల్లె ఫాదరు వేరు.

ఈ కథకీ మనకీ ఏం సంబంధం అంటారా? మన రాయలసీమకి, అక్కణ్నించి గుంటూరు వైపుకి క్యాథలిక్ మతం వచ్చింది ఆ పుదుచ్చేరి దారినే. 1700 ప్రాంతంలో ఫ్రెంచి జెస్యూట్లు కర్ణాటక మిషన్ పేరుతో పుంగనూరు వైపు వచ్చారు. తర్వాత అనంతపురం వైపు పోయారు. అక్కడ కొన్ని రెడ్డి కుటుంబాలు గుడిలో కలిశాయి. ఆ కుటుంబాలే కరువులకీ యుద్ధాలకీ వలసపోతూ గుంటూరు జిల్లాకి వచ్చి స్థిరపడ్డాయి. ఫిరంగిపురం, రెంటచింతల పేర్లు మీరు వినే ఉంటారు. పొలాలతో, పశువులతో, కులంతో సహా వచ్చారు.

మాలమాదిగలు పెద్ద సంఖ్యలో గుడిలోకి వచ్చింది ఆ తర్వాత నూటయాభై ఏళ్లకి. ధాత కరువు రోజులు, 1876 నుంచి 78 దాకా. ఒంగోలు వైపు బాప్టిస్టుల సంగతి మీకు తెలుసు. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం, ఎక్కువమంది మాదిగలు. ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండు నుంచి మిల్‌హిల్ ఫాదర్లు నెల్లూరు, గుంటూరు వైపు వచ్చారు. అంతకు ముందే ఇటలీ నుంచి మిలాన్ ఫాదర్లు కృష్ణా, హైదరాబాద్ వైపు పని మొదలుపెట్టారు. మన పల్లెల్లో ఆర్‌సీఎం అనే మాట ఆ రోజులదే. రోమన్ క్యాథలిక్ మిషన్. ఇప్పటికీ పక్క పల్లెవాళ్లు మమ్మల్ని "ఆర్‌సీఎం వాళ్లు" అనే అంటారు. కొంచెం ఎగతాళిగా అయితే "మరియమ్మ వాళ్లు" అంటారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఒంగోలు మాదిగలు గుడి కట్టుకుంటే అది మొదటినుంచీ వాళ్ల గుడి. మా వైపు క్యాథలిక్ పల్లెలు అడుగుపెట్టింది అప్పటికే భూస్వాములు కూర్చుని ఉన్న గుడిలోకి. ఆసామీ క్యాథలిక్కే, ఆయన దగ్గర జీతం చేసే పాలేరూ క్యాథలిక్కే. ఇద్దరూ ఒకే మంగళవార్త జపం చెబుతారు. పాలేరు పొద్దున దొడ్లో పేడ ఎత్తి, ఆదివారం అదే ఆసామి వెనక నిలబడి మోకరిస్తాడు. దళిత క్రైస్తవుల మీద వచ్చిన రాతల్లో ఈ సంగతి తక్కువగా కనబడుతుంది. రాసినవాళ్లు ఎక్కువమంది బాప్టిస్టులో లూథరన్లో కావడం వల్ల అనుకుంటాను.

పేర్లు చూడండి. మా వైపు పునీతుల పేర్లన్నీ తెలుగైపోయాయి. పేతురు రాయప్ప అయ్యాడు, ఆయన పేరుకి అర్థం రాయి కాబట్టి. పౌలు చిన్నప్ప. ఇగ్నేషియస్ ఇన్నాసి, ఇన్నయ్య. జేవియర్ శౌరి, శౌరయ్య. జోసెఫ్ జోజి. ఎంత చక్కగా కలిసిపోయాయంటే హాస్టల్లో నా రూమ్మేటు "రాయప్ప అంటే మీ గ్రామదేవతా?" అని అడిగాడు. ఇప్పుడు అవే పేర్లు ఊళ్లో వినండి. ఇన్నారెడ్డి, చిన్నపరెడ్డి, జోజిరెడ్డి, బాలశౌరిరెడ్డి. జ్ఞానస్నానపు నీళ్లు పేరులో ముందు సగాన్నే తడిపాయి. తోక పొడిగానే ఉంది. మరి క్రైస్తవంలో కులం లేదని కోర్టులో వాదించే లాయర్లు ఒక్కసారి మా ప్రాంతపు ఓటరు లిస్టు చదివితే బాగుండు.

ఇక పండగ నెలకి వద్దాం. మాది గుంటూరు జిల్లా పడమటి వైపు ఒక పల్లె. పేరు రాయను, అక్కడ ఇంకా మావాళ్లు బతకాలి. నేను చెప్పేదాంట్లో సగం నాయనమ్మ నోటినుంచి విన్నది, పావు నాన్న చెప్పింది, మిగతాది నేను చూసింది.

క్యాథలిక్కులకి క్రిస్మస్ ఒక్క రోజు పండగ కాదు. నాలుగు ఆదివారాల ముందు ఆగమన కాలం మొదలవుతుంది. ఆ నాలుగు వారాలూ పెళ్లిళ్లు పెట్టుకోరు. నాయనమ్మ రోజుల్లో అయితే పండగ ముందు రోజు ఒంటిపూటే. ఎలాగూ చాలా ఇళ్లలో అవి ఒంటిపూట రోజులే కాబట్టి దానికి పెద్ద కష్టం అనిపించలేదని నవ్వేది. 1967లో సాగర్ కాలవ వచ్చే దాకా మా వైపు మెట్టే. జొన్న సంకటి, గోంగూర, పచ్చిమిరపకాయ. వరన్నం తినేది ఏడాదికి కొన్ని రోజులు, అందులో మొదటిది క్రిస్మస్. పిల్లలు బాలయేసు కోసం ఎదురుచూశారో వరన్నం కోసం ఎదురుచూశారో విడదీసి చెప్పలేం. విడదీయాల్సిన పని కూడా లేదు.

డిసెంబర్ అంటే పత్తి తీతల కాలం. ఆడవాళ్లు పొద్దు పొడవకముందే చేలోకి పోయి, చీకటి పడ్డాక వచ్చి, అప్పుడు ఇల్లు అలికేవాళ్లు. గోడలకి సున్నం, కింద ఎర్రమట్టి పట్టె. పండగ సున్నానికి డబ్బు ఆసామి దగ్గర ముందుగా తీసుకునేవాళ్లు, సంక్రాంతి దాకా చాకిరీ చేసి తీర్చేవాళ్లు. ధనుర్మాసం పట్టాక తెల్లవారుజామున హరిదాసు ఊళ్లో తిరిగేవాడు, పల్లెలోకి వచ్చేవాడు కాదు. మా పల్లెలో తెల్లవారుజాము పాట మా ఉపదేశిది. పెట్రోమాక్స్ లైటు ఒకడు పట్టుకుంటే, కంజీర ఒకడు, తాళాలు ఇద్దరు, వెనక పిల్లల గుంపు. ఇంటింటికీ పోయి పాడి బియ్యమో అణాలో తీసుకునేవాళ్లు. ఆ డబ్బుతోనే గుడి అలంకారం.

ఈ ఉపదేశి గురించి మీరు పుస్తకాల్లో చదవరు. మిషన్ చరిత్రలు తెల్ల ఫాదర్ల ఫొటోలతో నిండి ఉంటాయి. ఒక్కో ఫాదరు చేతికింద పాతిక ముప్పై పల్లెలు. ఆయన నెలకోసారి గుర్రం మీదో సైకిలు మీదో వచ్చేవాడు. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ విశ్వాసం నడిపింది ఉపదేశి. మా పల్లెవాడే, మా కులంవాడే. పగలు ఆర్‌సీఎం బడిలో అక్షరాలు, రాత్రి లాంతరు కింద జపాలు. నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. కానీ విశ్వాస సంగ్రహం, జపమాల రహస్యాలు పదిహేనూ, ప్రశ్నోత్తరాలు మొత్తం నోటికి వచ్చు. పూజ లాటిన్లో జరిగిన రోజుల్లో ఫాదరు ఏం చదువుతున్నాడో ఊళ్లో ఆసామికీ తెలీదు, పల్లెలో పాలేరుకీ తెలీదు. ఆ ఒక్క విషయంలో సమానత్వం ఉండేదేమో! రెండో వాటికన్ సభ తర్వాత, 1960ల చివర్లో, పూజ తెలుగులోకి వచ్చింది. అప్పుడు నాయనమ్మకి ఫాదరు చదివే సువార్త మొదటిసారి అర్థమైంది. "సత్రంలో చోటు లేదంట, అందుకని దొడ్లో కనిందంట. సత్రం వాడు ఏ కులం అడిగాడో మరి" అనేది. మా మేనత్తని కన్నది కూడా ఆసామి దొడ్లోనే, పత్తిమూటల పక్కన. దాని గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడేది కాదు.

పశువుల పాక కట్టడం మగపిల్లల పని. 1223లో ఇటలీలో గ్రెచ్చో అనే కొండ ఊళ్లో పునీత ఫ్రాన్సిస్ గారు మొదట కట్టారని చెబుతారు, నిజమైన ఎద్దునీ గాడిదనీ తెచ్చి. మా పల్లెలో పాక కట్టేవాళ్లకి ఎద్దు గురించి ఎవరూ నేర్పక్కర్లేదు. జొన్నచొప్ప, వెదురు బద్దలు, చెరువుమట్టి బొమ్మలు. పైన రంగుకాగితపు స్టారు. కరెంటు రాకముందు స్టారు లోపల కిరసనాయిలు బుడ్డి పెట్టి రెండుసార్లు పాక తగలబెట్టుకున్నారట.

ఇప్పుడు అసలు విషయం. క్రిస్మస్‌కి మూడు పూజలు ఉంటాయి. అర్ధరాత్రి ఒకటి, తెల్లవారుజామున ఒకటి, పగలు ఒకటి. ఇది మన ఊరి ఏర్పాటు కాదు, ప్రపంచమంతా పాత సంప్రదాయం. తెల్లవారుజాము పూజని గొర్రెల కాపరుల పూజ అంటారు. కాపరులు పాక దగ్గరికి పరుగెత్తుకొచ్చిన భాగం ఆ పూజలో చదువుతారు. ఫాదరు ఒక్కడే కాబట్టి, అర్ధరాత్రి పూజ ఊరి పెద్ద గుడిలో, అది ముగించుకుని తెల్లవారుజామున పల్లె గుడిలో. ఏళ్ల తరబడి ఇదే వరస. మా పల్లెలో బాలయేసు ఎప్పుడూ ఐదు గంటలు ఆలస్యంగా పుట్టేవాడు. ఫాదర్లకి ఇందులో కులం కనబడలేదు. కాపరుల పూజ మీకే తగినది కదా అని ఒక ఫాదరు ప్రేమగానే అన్నాడట. నిజమే, తగినదే. కానీ మా పల్లెకి పన్నెండింటికీ ఊరికి ఐదింటికీ ఎందుకు పెట్టలేదో ఎవరూ అడగలేదు.

అర్ధరాత్రి పూజ చూడాలనుకున్న కుర్రాళ్లు ఊరి గుడికి నడిచి పోయేవాళ్లు. మా నాన్న కూడా. వెనక ద్వారం దగ్గర నిలబడాలి. బల్లలు ముందువాళ్లవి. పూజ అయ్యాక ఫాదరు బాలయేసు విగ్రహాన్ని చేతుల్లోకి తీసుకుని నిలబడతాడు. జనం వరసలో వచ్చి ఆ పాదాలకి ముద్దు పెట్టుకోవాలి. పక్కన పీఠబాలుడు తెల్లబట్టతో ఒక్కొక్కరి తర్వాతా తుడుస్తుంటాడు. మీలో క్యాథలిక్కులు ఈ దృశ్యం చూసే ఉంటారు. ఇప్పుడు ఆలోచించండి. ఒకడి పెదవులు తాకిన చోట ఇంకొకడు పెదవులు పెట్టాలి. హోటల్లో రెండు గ్లాసులు నడిచే ఊరు అది. అందుకని వరస ఎప్పుడూ ఒకటే. ముందు ఊరు, అందరూ అయిపోయాక పల్లె. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, అందరికీ తెలిసిన నియమం.

1970ల్లో ఒక ఏడు, బీఏ చదువుతున్న మా పల్లె కుర్రాళ్లు నలుగురు వరస మధ్యలో పోయి నిలబడ్డారు. గొడవేం జరగలేదు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. వాళ్ల వెనక ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వరసలోంచి పక్కకి జరిగి, చేతులు జోడించి దణ్ణం పెట్టుకుని ఇళ్లకి పోయారు. ఆ ఏడు బాలయేసు పాదాలకి ముద్దు పెట్టినవాళ్లు అంతకుముందు ఏడుతో పోలిస్తే సగం కూడా లేరట. మరుసటి క్రిస్మస్‌కి గుడిలో రెండు బాలయేసు విగ్రహాలు వెలిశాయి. ఒకటి పీఠం దగ్గర, ఒకటి వెనక ద్వారం దగ్గర. జనం ఎక్కువైపోయారు, రద్దీ తగ్గించడానికి అని ప్రకటించారు. ఎవరు ఎక్కడ ముద్దు పెట్టాలో మాత్రం ప్రకటించలేదు, ప్రకటించాల్సిన పని లేకపోయింది.

కుర్రాళ్లు రెండో విగ్రహాన్ని తాకమన్నారు. తిరిగొచ్చేశారు. ఆ రోజు నాయనమ్మ కూడా వెళ్లింది. ఆమె వెనక ద్వారం దగ్గర విగ్రహానికి ముద్దు పెట్టుకుంది, తర్వాత నడవా మధ్యనుంచి నేరుగా పీఠం దాకా నడిచిపోయి అక్కడి విగ్రహానికీ పెట్టుకుంది. ఎందుకమ్మా అట్టా చేశావు అని నాన్న అడిగితే, "ఇద్దరూ ఆయనేగా, ఒకడికి పెట్టి ఒకడికి పెట్టకపోతే ఏడవడూ?" అందట. ఇది ధిక్కారమా, అమాయకత్వమా అని నాన్నా నేనూ చాలాసార్లు వాదించుకున్నాం. నాన్న అమాయకత్వం అంటాడు. నేను ఒప్పుకోను. అరవై ఏళ్లు ఆ గుడి వెనక నిలబడిన మనిషికి ఏ విగ్రహం ఎవరిదో తెలీకపోవడం ఏంటి?

ఆ తర్వాత మూడేళ్లు మా పల్లె ఊరి గుడికి పోలేదు. ఉపదేశి పన్నెండింటికి పల్లె గుడిలోనే ప్రార్థన నడిపాడు. ఫాదరు లేకుండా పూజ కుదరదు, దివ్యసత్ప్రసాదం ఉండదు. అయినా గుడి నిండింది. కొత్తగా వచ్చిన ఫాదరు ఆ రెండో విగ్రహాన్ని తీసేయించి, అర్ధరాత్రి పూజ ఒక ఏడు ఊళ్లో, ఒక ఏడు పల్లెలో అని ఏర్పాటు చేశాడు. ఆయన మంచి మనిషి. అలాంటివాళ్లు లేరని నేను అనను. బడి, ఆసుపత్రి, హాస్టలు ఇచ్చింది ఆ మిషనే. నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ ఆర్‌సీఎం బడి పలకే కారణం. కానీ పలక ఇచ్చినందుకు వెనక ద్వారాన్ని మర్చిపోవాలా?

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. 1969లో రోమ్ అనుమతితో పూజలో భారతీయ పద్ధతులు పెట్టుకోవచ్చని పన్నెండు అంశాలు వచ్చాయి. బెంగళూరులో అమలోర్‌పవదాస్ గారు దీనికి ముందు నిలబడ్డారు. హారతి, దీపస్తంభం, చేతులు జోడించి నమస్కారం. బాగానే ఉంది. మా గుళ్లలో పళ్లెం పట్టుకుని ఆడపిల్లల హారతి నాట్యం అప్పట్నుంచీ ఉంది. కానీ భారతీయ పద్ధతి అన్నప్పుడు ఆ పన్నెండింటిలో డప్పు ఎందుకు లేదు? గుడిలో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఎవరో చూసుకుని ఉంటే మొదటి అంశం డప్పే అయ్యేది. మా పల్లె పాటల గుంపులో డప్పు ఎప్పుడూ ఉంది, గుడి మెట్ల దాకా. లోపలికి రావడానికి 1990ల దాకా ఆగాల్సి వచ్చింది, కారంచేడు, చుండూరు తర్వాత పెరిగిన కుర్రాళ్లు దాన్ని భుజాన వేసుకుని లోపలికి నడిచాకే.

సరే, సర్టిఫికెట్టు సంగతి. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ మతం తప్ప వేరే మతం పాటించేవాళ్లు షెడ్యూల్డు కులస్తులు కారు. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లని బీసీ-సీ అన్నారు, ఒక్క శాతం ఇచ్చారు. 1977లో జీవో 341తో కొన్ని రాయితీలు కలిపారు, అవి చట్టబద్ధమైన హక్కులు కావు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతాన్నీ ఎస్సీ హోదానీ విడదీయమని చెప్పింది. పక్కన పడేశారు. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఇక్కడ వర్గీకరణ గురించి మనలో మనం ఎంత కొట్టుకున్నా, ఈ ఒక్క శాతం వాళ్ల గురించి రెండు వైపులా మాట్లాడినవాళ్లు తక్కువ.

2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇంకో అడుగు వేసింది. ఇప్పటి బాపట్ల జిల్లాకి చెందిన ఒక పాస్టరు, తనని కులం పేరుతో తిట్టి కొట్టారని ఎస్సీ ఎస్టీ చట్టం కింద కేసు పెట్టాడు. ఆయన పదేళ్లుగా పాస్టరు కాబట్టి ఆ చట్టం ఆయనకి వర్తించదని కోర్టు కేసు కొట్టేసింది. క్రైస్తవంలో కులం లేదు కాబట్టి అని. తిట్టినవాళ్లకి ఈ సంగతి ముందే తెలిస్తే ఏ పేరుతో తిట్టేవాళ్లో!

గుడి లోపల కులం లేదని గుడే అనడం లేదు. భారత క్యాథలిక్ బిషప్పుల మహాసభ 2016 డిసెంబర్‌లో దళిత సాధికారత విధానం అని ఒక పత్రం విడుదల చేసింది. దేశంలో సుమారు కోటీ తొంభై లక్షల క్యాథలిక్కుల్లో కోటీ ఇరవై లక్షలమంది దళితులే అని, గుడిలో అంటరానితనం ఉందని, నాయకత్వంలో దళితులు చాలా తక్కువ అని వాళ్లే ఒప్పుకున్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో కడప బిషప్ గల్లెల ప్రసాద్ గారిని దారికాచి ఎత్తుకెళ్లి, కళ్లకి గంతలు కట్టి కొట్టారు. ఆయన దళితుడు. పోలీసులు అరెస్టు చేసినవాళ్లలో ఆయన మేత్రాసనపు ఫాదర్లూ ఉన్నారు. 2000లో మారంపూడి జోజి గారు హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ అయినప్పుడు దేశంలో మొదటి దళిత ఆర్చ్‌బిషప్ అని పేపర్లు రాశాయి. 2022 ఆగస్టు 27న పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. దళితుల్లో మొదటి కార్డినల్, తెలుగువాళ్లలో కూడా మొదటివారు. 2025 మేలో పోపుని ఎన్నుకున్న సభలో ఆయన ఓటు ఉంది. 1950 ఉత్తర్వు లెక్కలో మాత్రం ఆయన షెడ్యూల్డు కులస్తుడు కాదు.

ఈ రెండు లెక్కల మధ్య నలిగేది మామూలు ఇళ్లు. మా వైపు చాలా ఇళ్లలో పిల్లకి రెండు పేర్లు. గుడి రిజిస్టర్లో ఒకటి, బడి రిజిస్టర్లో ఇంకొకటి. సర్టిఫికెట్టు విచారణకి వీఆర్వో వస్తాడంటే గోడమీద తిరుహృదయ పటం దించి మంచం కింద పెడతారు. విచారణ డిసెంబర్లో పడిందా, స్టారు కట్టరు. నా చిన్నప్పుడు మా ఎదురింట్లో రెండేళ్లు స్టారు లేదు, వాళ్ల పెద్దబ్బాయి ఇంజనీరింగు సీటు సంగతి తేలే దాకా. పక్కింటివాళ్లు కట్టిన స్టారు వెలుగు ఆ గోడమీద పడేది. వాళ్ల పిల్లలు ఆ వెలుగులో ఆడుకునేవాళ్లు. కొందరు మిత్రులు అంటారు, "ఇంత అవమానం ఉన్న గుడిని వదిలేసి బాబాసాహెబ్ దారిలో బౌద్ధంలోకి రావచ్చు కదా, సర్టిఫికెట్టు సమస్య కూడా తీరుతుంది" అని. వాళ్ల మాటని గౌరవిస్తాను. కానీ నాయనమ్మ అరవై ఏళ్లు జపించిన మరియమ్మని నేను సీటు కోసం మార్చాలంటే, రిజర్వేషన్ కోసం మతం చెబుతున్నారు అని కోర్టు వేసిన నింద నిజమైనట్టే కదా. పైగా ఆ పల్లె గుడి ఇటుకలు మోసింది మిషన్ కాదు, మావాళ్లు.

ఈ ఏడు మా చెల్లెలికి అక్టోబర్లో పాప పుట్టింది. జ్ఞానస్నానం ముగ్గురు రాజుల పండగకే అని అమ్మ పట్టుబట్టింది. బావ ఇంకా ఏమీ అనలేదు. ఆయన పోటీ పరీక్షలకి కోచింగ్ ఇస్తాడు, ఆ సుప్రీంకోర్టు తీర్పుని క్లాసులో చెప్పినవాడు. పండగకి ఊరు వెళ్లినప్పుడు ఈ మాట తప్పకుండా వస్తుంది. పాపకి పేరు మాత్రం ఖాయం చేశారు, నాయనమ్మ పేరే.

వచ్చే భాగం సమాధుల తోటల మీద. మీ ఊళ్లో క్యాథలిక్కులకి రెండు తోటలు ఉంటే, లేదా ఒకే తోటలో మధ్య గోడ ఉంటే, ఫొటో తీసి పంపండి. ఊరి పేరు వద్దంటే రాయను. గోడ ఏ ఏడాది కట్టారో పెద్దవాళ్లని అడిగి రాసి పంపితే ఇంకా మంచిది.

జై భీమ్. హ్యాపీ క్రిస్మస్.